కాలు కదపనా

శ్రీరంజని పాటలు చేసుకునే గదికి తలుపు చేయించింది వాళ్ళ నాయనే. మోటారు పంపుల కంపెనీ బాలకృష్ణన్ చేయించాడంటే అది మామూలు తలుపుగా ఉంటుందా? సొంత ఫౌండ్రీలో ఇనుప చట్రం పోత పోయించి, మధ్యలో రబ్బరు కూరించి, రెండు పక్కలా టేకు పలకలు వేయించాడు. నలుగురు మనుషులు రొప్పుతూ మేడ మీదికి మోసుకొచ్చి బిగించారు. తెరవాలంటే భుజం ఆనించి తోయాలి. మూశాక మటుకు సూలూరు వైమానిక స్థావరం నుంచి లేచిన యుద్ధ విమానం సింగానల్లూరులో ఇంటి నెత్తిమీదుగా పోయినా లోపల చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా రాదు.

"ఇంక నువ్వు యాడికీ పోయే పని లేదు కన్నూ. ఏం చెయ్యాలన్నా ఈడనే చేసుకో," అన్నాడాయన, కొత్త పంపును కస్టమరుకు చూపించినట్టు తలుపును అరచేత్తో తడుతూ.

శ్రీరంజని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయన ప్రేమకు కరిగిపోయిందని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అట్లాగే అనుకుంది, ఓ ఏడాది దాకా.

అంతకుముందు ఆమె, సాక్సోఫోన్ ఊదే ముకుంద్, డ్రమ్ములు వాయించే తంగవేల్ కలిసి ఒక పాత పవర్‌లూమ్ షెడ్డు అద్దెకు తీసుకుని వాయించేవాళ్ళు. పక్క షెడ్డులో మగ్గాల దడదడ, పైన విమానాల రొద. అవన్నీ వాళ్ళ సంగీతంలోకి చొరబడేవి. ఒకసారి ముకుంద్ విమానం చప్పుడుకు జవాబుగా ఊదిన ఊపు చూసి తంగవేల్ చేతిలో పుల్ల కింద పడేసుకున్నాడు. షెడ్డుకు పోయిరావడం ఆడపిల్లకు కష్టమని నాయన ఈ గది కట్టించాక ఆ రొదలు పోయాయి. గది నిండా సింథసైజర్లు, తీగలు, చల్లగా ఏసీ. కిందనుంచి అమ్మ పంపే పలహారాలు. గంటకోసారి కాఫీ.

ఆమెకు ముప్పై రెండేళ్ళు. పగలు కంపెనీలో కొనుగోళ్ళు చూస్తుంది. పెళ్ళి సంగతి ఇంట్లో ఎవరూ గట్టిగా ఎత్తరు, ఎందుకంటే ఇంటల్లుడిగా వచ్చి ఉండే మనిషి దొరికితేనే చేస్తానని బాలకృష్ణన్ ఎప్పుడో తేల్చేశాడు. దొరక్కపోయినా ఆయనకు చింత లేదు. పిల్ల కళ్ళ ముందే ఉంటుంది గదా!

ఈ గదిలోనే ఆల్బమ్ పుట్టింది. జాజ్ అని మొదలుపెట్టారు గాని, అందులోకి సింథసైజర్ల గురగురలు, ఏడు దెబ్బల తాళాలు, ఇనుము కరిగే చప్పుళ్ళు అన్నీ వచ్చి చేరాయి. వింటే దీన్ని ఏమని పిలవాలో తెలియదు. బెంగళూరులో ఒక చిన్న రికార్డు కంపెనీవాళ్ళకు మటుకు పిచ్చిగా నచ్చింది. ఆల్బమ్ విడుదల చేస్తాం, మీరు ముగ్గురూ ఒక ఏడాది ఇక్కడే ఉండి మా హాల్లో వారం వారం వాయించాలి అన్నారు. ముకుంద్ అక్కడ ఇల్లు కూడా చూశాడు, తంగవేల్ ముందే పోయి అందులో దిగాడు.

అప్పుడు మొదలైంది అసలు కథ. మొదటిసారి పెట్టె సర్దుకున్న పొద్దున అమ్మ జానకమ్మాళ్‌కు తల తిరిగింది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోయినా తల్లిని అట్లా వదిలేసి ఎవరు పోతారు? రెండోసారి ఆయుధపూజ అడ్డొచ్చింది. ఫౌండ్రీలో యంత్రాలకు కుంకుమ పెట్టే రోజు ఇంటి బిడ్డ లేకపోతే ఎట్లా అన్నాడు నాయన. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ దారిలో తినడానికి పొట్లాలు కట్టి, వాటి పక్కన ఊరకే నిలబడింది. అంతే. శ్రీరంజని తనంతట తానే పెట్టె విప్పేసి చీరలు మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. కొట్టేవాళ్ళుంటే తిరగబడొచ్చు. ఒబ్బట్టు మీద నెయ్యి పోసి పెట్టేవాళ్ళ మీద ఎట్లా తిరగబడతారు?

మూడుసార్లూ ముకుంద్ ఆమెను తీసుకుపోవడానికి వ్యాను వేసుకొచ్చాడు. మూడుసార్లూ ఆకు వేసి అన్నం పెట్టి, పొట్లం చేతికిచ్చి పంపారు. ఆ ఇంటినుంచి ఎవరూ వట్టి చేతులతో బయటికి పోరు. పోస్టుమాన్‌కు కూడా మురుకులు కట్టిస్తుంది జానకమ్మాళ్.

నాలుగోసారి ముకుంద్ ఫోనులో ఉన్నమాట చెప్పేశాడు. అతనిది మదురై పక్క పాత మిల్లుల కుటుంబం, ఇంట్లో తెలుగే, మాటలో అరవమే ఎక్కువ.

"ఆదివారం వస్తాను రంజనీ. ఇదే కడైసి తడవ, మళ్ళీ రాను. నువ్వు రాకపోతే నీ భాగం వాయించేకి ఇంకో మనిషిని పెట్టేస్తాం. పాటలు నీవే, నీ పేరు ఉంటాది. కచేరీ మేడై మీద మటుకు నువ్వు ఉండవు."

"అట్ల ఎట్ల పెడతావు?"

"ఎట్ల పెట్టకుండా ఉండేది? నీ ఇంట్లో నాకు భోజనం బాగుండాది, కాదనలేదు. నేను వచ్చేది భోజనానికి గాదు."

శ్రీరంజని ఫోను పెట్టేసి చాలాసేపు ఆ గదిలో కూర్చుంది. చేతివేళ్ళు సింథసైజర్ మెట్ల మీద ఉన్నాయి, వాయించలేదు. తన పాటలను ఇంకెవరో వాయిస్తుంటే తాను ఇదే కుర్చీలో ఫోనులో చూస్తూ కాఫీ తాగుతూ ఉంటుందని కళ్ళకు కట్టింది. లేచి భుజంతో తలుపు తోసింది. తలుపు ఎప్పటిలాగే నెమ్మదిగా, పెద్దమనిషి తరహాలో తెరుచుకుంది. బయట అమ్మ పళ్ళెంతో నిలబడి ఉంది.

"వేడిగా ఉండాది, తిను," అంది జానకమ్మాళ్.

ఆమె తినింది.

ఆల్బమ్‌లో చివరి పాట సంగతి ఇక్కడ చెప్పాలి. అది ఇంకా పూర్తి కాలేదు. దాని నడుమ ఉన్నది అవ్వ గొంతు. అవ్వ అంటే బాలకృష్ణన్ తల్లి, కమలమ్మాళ్. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, గొంతు మటుకు ఇంకా కంచులాగే ఉంది. ఒక మధ్యాహ్నం మనవరాలు మైకు పెట్టి, నీకు తెలిసిన పాత పాట ఏదన్నా పాడవ్వా అంటే, ఆడపిల్లను సాగనంపే పాట ఒకటి పాడింది. దీపాలు, బంతిపూలు, బండి కట్టిన ఎద్దులు అన్నీ వచ్చాయి అందులో. చివరికి పెళ్ళికూతురు ఇంటి గడప దగ్గరికొచ్చి తల్లిని అడుగుతుంది.

గడపకాడ ఉన్నానమ్మా, కాలు కదపనా?

అక్కడ ఆపేసింది అవ్వ.

"మిగతాది?"

"అంతే పాపా. మిగతాది నాది గాదు."

పెద్దావిడ, మరిచిపోయిందని చెప్పుకోలేక ఇట్లా అంటోందని శ్రీరంజని నవ్వుకుంది. ఆ ఒక్క వరుసను కత్తిరించి యంత్రంలో తిప్పింది. కాలు కదపనా, కాలు కదపనా అని గొంతు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, కింద సింథసైజర్ బరువుగా మూలుగుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. తంగవేల్ డ్రమ్ములు దాని చుట్టూ తిరుగుతాయి. సాక్సోఫోన్ ఏదో చెప్పబోయి ఆగిపోతుంది. పదకొండు నిమిషాల పాట. బెంగళూరువాళ్ళు అన్నిటికంటే దీన్నే మెచ్చుకున్నారు. కాని ముగింపు కుదరలేదు. మెల్లగా తగ్గిస్తే పారిపోయినట్టుంది. ఒక్కసారిగా ఆపితే కరెంటు పోయినట్టుంది. ఎన్ని రకాలుగా ముగించినా మర్నాడు వింటే అబద్ధంగా వినిపించేది. చివరికి ముగింపు లేకుండానే వదిలేసింది.

ఆదివారం వచ్చింది. బాలకృష్ణన్ పొద్దున్నే కంపెనీ మీటింగ్ హాలునుంచి పెద్ద స్పీకర్లు తెప్పించి ముందుగదిలో పెట్టించాడు. తమ్ముడి కుటుంబాన్ని పిలిచాడు. అందరం కూర్చుని పాప ఆల్బమ్ విందామని ఆయన ముచ్చట. ముకుంద్ వ్యాను వాకిట్లో ఆగేసరికి ఇల్లంతా బజ్జీల వాసన. అతను లోపలికొచ్చి, ఒకసారి వాసన పీల్చి, శ్రీరంజని వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

ముకుంద్ తెచ్చిన అట్ట మీద ఆల్బమ్ పేరు బెంగళూరువాళ్ళు తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరి నోటా తెలుగే, కాని బళ్ళో చదివింది అరవం కాబట్టి ఆ అక్షరాలు చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. చిన్నాయన అట్టను అటూ ఇటూ తిప్పి, బొమ్మ బాగుంది అన్నాడు.

పాటలు మొదలయ్యాయి. చిన్నాయన మొదటి పాటకే కునికిపాట్లు పడ్డాడు. పిన్నమ్మ, ఇది మన వెట్ గ్రైండర్ చప్పుడే గదా అని మురిసిపోయింది. బాలకృష్ణన్ ఒక్కడే కళ్ళు మూసుకుని, ఏమీ అర్థం కాకపోయినా, ప్రతి పాటకూ తల ఊపాడు. చివరి పాట ముందు చెయ్యెత్తి ఆపించాడు.

"ఒక సంగతి చెప్పాల. కంపెనీ క్యాంటీన్ మీద హాలు కట్టిస్తా ఉండాను. బెంగళూరులో ఉండేదానికంటే పెద్దది. ఏసీ, లైటింగ్, అంతా. ఆ కంపెనీవాళ్ళు ఏమిటికి మనల్ని పిలిచేది? మనమే వాళ్ళను పిలుస్తాం. పాప ఈడనే ఉండి ప్రపంచానికంతా వాయించనీ."

అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీరంజని నవ్వింది. ఆ నవ్వు ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంక పోవడానికి కారణం అన్నది కూడా లేకుండా పోయింది. ఉన్న ఒక్క దారినీ నాయన చదును చేయించి దాని మీద హాలు కట్టేస్తున్నాడు, అది కూడా ఆమె మీద ప్రాణంతో! ముకుంద్ జేబులోంచి వ్యాను తాళం తీసి మెల్లగా లేవబోయాడు.

"ఈ ఒక్క పాట విని పో తంబీ, మా అమ్మ గొంతు ఉండాది ఇందులో," అని బాలకృష్ణన్ అతన్ని కూర్చోబెట్టి, చివరి పాట తానే నొక్కాడు.

గడపకాడ ఉన్నానమ్మా, కాలు కదపనా?

మొదటి మాటకే అవ్వ లేచి నిలబడింది. చేతికర్ర అందుకోకుండా, సోఫా చేయి పట్టుకుని.

"చూడండి!" బాలకృష్ణన్ ఉప్పొంగిపోయాడు. "అమ్మే లేచి నిలబడింది, మనవరాలికి మర్యాద చేస్తా ఉండాది!"

మళ్ళీ చప్పట్లు. పిన్నమ్మ ఫోటో తీసింది. శ్రీరంజని కూడా అదే అనుకుంది ఒక్క క్షణం. పాట నడుస్తోంది. కాలు కదపనా. కాలు కదపనా. సింథసైజర్ మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. అవ్వ కూర్చోలేదు. కాసేపటికి ఆమె మోకాళ్ళు వణకడం శ్రీరంజనికి కనబడింది. తరువాత చీర కుచ్చిళ్ళు కూడా వణికాయి. పది అడుగులు నడిస్తే అలిసిపోయే మనిషి ఆమె.

శ్రీరంజని దగ్గరికి పోయి భుజం పట్టుకుంది. "కూర్చో అవ్వా."

"కూర్చోగూడదు."

"ఏమిటికి?"

"పిల్ల గడప మీద నిలబడి ఉంటే పెద్దోళ్ళు కూర్చుంటారా? ఈ పాట ఎత్తితే అందరూ లేచి నిలబడాల. పిల్ల దాటినాక కూర్చునేది. అది మన వాడుక." అవ్వ ఆయాసపడింది. "ఇదేమి పాపా, ఎంతసేపు అడుగుతా ఉంటాది అది? జవాబు చెప్పేవాళ్ళే లేరా?"

శ్రీరంజని గబగబా పోయి పాట ఆపేసింది. అవ్వ అట్లాగే నిలబడి ఉంది.

"ఆపేసినాను గదా అవ్వా, కూర్చో."

"నువ్వు ఆపితే అయిపోతుందా? పిల్ల అడిగి అడిగి నోరు మూసుకునింది, అంతే. అక్కడనే ఉండాది ఇంకా."

ఈ ఇళ్ళలో పెళ్ళిళ్ళు కల్యాణమండపాలకు మారాక, మైకులు, పాటల కచేరీలు వచ్చాక, ఆ పాట ఎవరూ ఎత్తలేదు. శ్రీరంజని ఏ పెళ్ళిలోనూ వినలేదు, ఎవరూ లేచి నిలబడటం చూడలేదు. దాని నియమం తెలియక, గడప మీద ఒక ఆడపిల్లను నిలబెట్టి పదకొండు నిమిషాలు తిప్పింది. తెలియక చేసిందా? తెలియక కాదేమో.

"మిగతాది నువ్వు పాడేయమ్మా, అయిపోతాది," అన్నాడు బాలకృష్ణన్. ఆయనకు తల్లి కాళ్ళ గురించే బెంగ.

"నేను పాడేది గాదురా. కడైసి వరుస కన్నతల్లిది. కన్నది పాడితేనే పిల్ల పోవాల." అవ్వ వంటింటి గుమ్మం వైపు తిరిగింది. "జానకీ, నీ వరుస."

జానకమ్మాళ్ బజ్జీల పళ్ళెంతో గుమ్మంలో ఉంది. ఆండిపట్టి పక్క ఊరినుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. ఆమెను కూడా ఈ పాటతోనే పంపారు. పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, వదలలేదు.

"అది పెళ్ళికూతురికి గదా అత్తా. ఇప్పుడేమి?"

"పోయే పిల్లకు. పెళ్ళికే పోవాలని ఎవరు చెప్పినారు నీకు?"

"పాప యాడికీ పోదమ్మా!" బాలకృష్ణన్ గొంతు హెచ్చింది. "హాలు కట్టిస్తా ఉండాను అని ఇప్పుడే గదా చెప్పింది! కూర్చో ముందు."

అవ్వ కూర్చోలేదు. సోఫా చేయి మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. బాలకృష్ణన్ ఆమె నడుం పట్టుకున్నాడు గాని, బలవంతాన కూర్చోబెట్టే ధైర్యం లేకపోయింది. పిన్నమ్మ, ఏమనుకుందో, తానూ లేచి నిలబడింది. ఆమెను చూసి చిన్నాయన లేచాడు.

జానకమ్మాళ్ కూతురి వైపు చూసింది. తరువాత, ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అడిగింది.

"నీకు పోవాలని ఉండాదా?"

ఏం తింటావని అడిగారు, ఎప్పుడొస్తావని అడిగారు, ఏం కావాలో చెప్పు కొనిపెడతాం అన్నారు. ఈ మాట మటుకు అడగలేదు. అవును అంటే నాయన ముఖం చూడాలి. కాదు అంటే ఇంక ఎప్పుడూ అడగరు.

శ్రీరంజని ముందు వాకిలి దగ్గరికి నడిచింది. పసుపు రాసిన గడప ముందు, అందరికీ వీపు పెట్టి నిలబడింది. ఆమె ఎప్పుడూ పాడదు. చేతులతో వాయించే మనిషే గాని గొంతు విప్పే మనిషి కాదు. ఇప్పుడు విప్పింది. శ్రుతి సరిగ్గా కుదరలేదు.

"గడపకాడ ఉన్నానమ్మా... కాలు కదపనా?"

వెనక ఏ చప్పుడూ లేదు. వ్యాను నీడ వాకిట్లో కనబడుతోంది. అమ్మ పాడదు అనుకుంది శ్రీరంజని. పాడకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు. నాలుగోసారీ ఇక్కడే ఉండిపోవడమే.

పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడు.

"కదుపు నా తల్లీ కదుపు..." జానకమ్మాళ్ గొంతు మొదటి మాటకే బీటలు వారింది. ఆగి, ముక్కు ఎగపీల్చి, మళ్ళీ అందుకుంది. "కదుపు నా తల్లీ కదుపు, తిరిగి చూడకు. దీపమూ ఈడనే, నేనూ ఈడనే, తిరిగి చూడకు."

సోఫా కిర్రుమంది. అవ్వ కూర్చుంది.

శ్రీరంజని గడప దాటింది. వాకిట్లో సిమెంటు ఎండకు కాలుతోంది, కాళ్ళకు చెప్పులు లేవు. తిరిగి చూడలేదు. ఆ నియమం లేకపోయుంటే చూసేదే. చూస్తే నాయన ముఖం కనబడేది, వెనక్కు పోయేది, అది ఆమెకు ఖాయంగా తెలుసు. వ్యాను దాకా నడిచి, డోరు పట్టుకుని, గోడకేసి చూస్తూ నిలబడింది. నెత్తి మీదుగా విమానం ఒకటి ఆకాశాన్ని చించుకుంటూ పోయింది. ఎంత కాలమైందో ఆ రొదను చెవి పెట్టి విని.

ముకుంద్ వ్యానులో తన సాక్సోఫోన్ పెట్టెను పక్కకు జరిపి చోటు చేశాడు. "నీ సింథసైజర్లు?"

"నేను లోపలికి పోగూడదు ఇంక."

అతను మేడ మీదికి పోయాడు. కాసేపటికి వ్యాను వెనక నుంచి అడుగుల చప్పుడు వచ్చింది, కాని అది ముకుంద్ నడక కాదు. ఆ చెప్పుల ఈడ్పు ఆమె పుట్టినప్పటినుంచి వింటున్నది. బరువు మోస్తున్న ఆయాసం. మేడ మీది ఆ తలుపును భుజంతో తోసి, యంత్రాన్ని తానే ఎత్తుకొచ్చాడు బాలకృష్ణన్.

"ఇది ఎట్ల పెట్టాల కన్నూ?" అన్నాడు వెనకనుంచి. "నిలువుగానా, పడుకోబెట్టాలా?"

శ్రీరంజని తల తిప్పలేదు. గోడ మీది సున్నం కళ్ళ ముందు అలుక్కుపోయింది.

"పడుకోబెట్టు నాయనా," అంది.

ఆయన మెల్లగా పడుకోబెట్టాడు. కింద దుప్పటి మడిచి పెట్టిన చప్పుడు కూడా వినిపించింది.

వ్యాను కదిలాక ఆమె తన పక్కనున్న, వెనక దారి చూపించే అద్దాన్ని చేత్తో లోపలికి మడిచేసింది. అద్దం లేకుండా ఎట్ల నడిపేది అని ముకుంద్ గొణిగాడు గాని తెరవలేదు. పెద్ద రోడ్డు ఎక్కాక అడిగాడు.

"మీ అమ్మ పాడింది రికార్డు చేసినావా? అదే గదా మనకు కావాల్సిన ముగింపు!"

"లేదు."

"మళ్ళీ ఒక తడవ పాడమంటే..."

"అది ఒక్కసారే పాడేది ముకుంద్."

ఆల్బమ్ ముగింపు లేకుండానే రానీ అనుకుంది ఆమె. వినేవాళ్ళు ఎవరి జవాబు వాళ్ళు వెతుక్కోనీ.

అవినాశి దాటేదాకా ఏడుస్తూనే ఉంది. ఆ తరువాత ఆకలి వేసింది. అలవాటుగా ఒళ్ళో పొట్లం కోసం తడుముకుంది, పక్క సీటు మీద చూసింది, కాళ్ళ దగ్గర చూసింది. ఎక్కడా లేదు. అమ్మ ఈసారి ఏమీ కట్టివ్వలేదు.